ఆఖరి విస్తరి

జొన్న మళ్ళీ ఆగిపోయింది.

ఆగేముందు అది ఏ సూచనా ఇవ్వదు. అదే దాని పాడుగుణం. పొద్దుటినుంచీ చెప్పిన పని చెప్పినట్టు చేసి, అందరూ కాస్త నడుము వాల్చి టీ గ్లాసులు అందుకునే సమయం చూసి, అలిగిన కొత్తల్లుడిలా బిగుసుకు కూర్చుంటుంది. ఎందుకు అలిగిందో చెప్పదు. మళ్ళీ మొదటినుంచి నడిపిస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

మానేరు యూనివర్సిటీలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చెప్పే స్వరూప బల్ల మీది బోర్డు వంక కాసేపు చూసి, ఎడమ భుజం మీది కొంగు సర్దుకుంది. ఆలోచనలో పడితే ఆమెకది అలవాటు. ఎదురుగోడ మీది తెరల్లో జగిత్యాల, మంథని, సిరిసిల్ల, ఆసిఫాబాద్ కాలేజీల ల్యాబులు కనబడుతున్నాయి. అక్కడి పిల్లలూ ఆగిపోయిన జొన్న వంక చూసి, ఆలోచనలో పడి, ఎడమ భుజం మీద చెయ్యి వేసి సర్దుకున్నారు. ఆడపిల్లల సంగతి సరే. చొక్కాలు తొడుక్కున్న మగపిల్లలు కూడా లేని కొంగును ఎంతో శ్రద్ధగా సర్దుకున్నారు.

మొదట్లో ఇది చూసి స్వరూప కడుపుబ్బ నవ్వేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

కొన్నేళ్ళ కిందట ఈ కాలేజీల్లో ఆ సబ్జెక్టు నా అన్నవాళ్ళు లేని బిడ్డ. ఎవరికి పీరియడ్ ఖాళీగా ఉంటే వాళ్ళ నెత్తిన పడేది. ఆయన గైడు తెరిచి బోర్డుకెక్కిస్తే, పిల్లలు బోర్డు మీంచి కాపీలకెక్కించి, కాపీల్లోంచి పరీక్షకెక్కించి చేతులు దులుపుకునేవారు. కంప్యూటర్ లోపల అసలేం జరుగుతుందో చెప్పేవాడికీ పట్టేది కాదు, వినేవాడికీ పట్టేది కాదు. ఒకచోట మంచి బోర్డులుంటే చెప్పేవారు లేరు. ఇంకోచోట కొలిచే పరికరాలు కొని, పోతాయేమోనని బీరువాలో పెట్టి తాళం వేశారు. స్వరూప ప్రిన్సిపాళ్ళ గదుల ముందు బెంచీలు అరిగేలా కూర్చుని, ఒక్కొక్కరినీ ఒప్పించి, అన్ని ల్యాబుల్నీ తీగలతో కలిపేసింది. ఆసిఫాబాద్ పిల్ల జగిత్యాలలోని బోర్డును తన బల్ల దగ్గరినుంచే నడపవచ్చు. పాఠాలు, లెక్కలు, పరీక్షలు అన్నీ ఒకే కుండలోవి. దానికి అందరూ ఉమ్మడి అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఉమ్మడిలోకి జుబేర్ తన ఒరవడిని తెచ్చాడు. జుబేర్ అదే యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన చేస్తాడు. ఇసుకలో పంతులు రాసిన అక్షరం మీద వేలు పెట్టి పిల్లవాడు దిద్దినట్టు, ఒకరి మనసులో ఉన్న పట్టు మీద ఇంకొకరి మనసు దిద్దుకోవచ్చని అతని సిద్ధాంతం. తలకు పట్టీ కట్టుకుని, బల్ల మీది రాగిరేకుకు వేళ్ళు ఆనించి కూర్చోవాలి. అంతే. అట్లా కూర్చుంటే సమాచారం రాదు. అది పుస్తకంలో చదువుకోవలసిందే. వచ్చేది పట్టు ఒక్కటే. సైకిలు తొక్కడం వచ్చినవాడికి ఒంట్లో ఏది ఉంటుందో, అది. వారం తిరిగేసరికి పలచబడిపోతుంది కాబట్టి ప్రతి సోమవారం మళ్ళీ దిద్దుకోవాలి. అసలు పట్టు స్వరూప తలలో ఉంటుంది, పిల్లల దగ్గర ఉండేది ఎరువు సొత్తు. అసలు మారితే తక్కినవీ మారతాయి.

పిల్లల కళ్ళు తెరుచుకున్నాయి. అందులో అబద్ధం లేదు. గైడ్లు బట్టీపట్టిన పిల్లలే కూడబలుక్కుని ఒక ప్రాసెసర్‌ను తయారుచేశారు. ఒక్కో కాలేజీ ఒక్కో భాగం. నాలుగు కోర్లు, అంటే నాలుగు బుర్రలు ఒకే జ్ఞాపకాన్ని పంచుకుని పనిచేసే చిన్న చిప్పు. దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వాళ్ళు రాసిందే. గింజంత ఉంటుందని జొన్న అన్నారు. సిలికాన్‌లో పోత పోయించి, ఉమ్మడిలోని ప్రతి బల్ల మీదా పెట్టాలని కోరిక. పోతకు పంపేముందు బోర్డుల మీద నడిపి చూస్తున్నారు, అదేమో ఇట్లా అలుగుతోంది. తలలకు పట్టీలేమిటి, చోద్యమేమిటి అంటున్న పెద్దలు పైన ఉండనే ఉన్నారు. జొన్న పోతకు వెళ్ళకపోతే ఉమ్మడికి తాళం వెయ్యడానికి వాళ్ళకంతకంటే సాకు అక్కర్లేదు.

"నా భాగం నాలుగుసార్లు చూసిన మేడం. ఏం తప్పు లేదు," అన్నాడు సిరిసిల్ల తెరలోంచి లింబాద్రి.

"మా భాగంల గూడ లేదు," అంది ఆసిఫాబాద్.

"నాకూ కనవడ్తలేదు," అంది స్వరూప. ఆమె పక్కనే కూర్చున్న కూతురు కృత్తిక కూడా భుజం సర్దుకుంది. కృత్తిక మూడో సంవత్సరం చదువుతోంది. అందరి పిల్లల్లాగే తనూ సోమవారం సోమవారం రాగిరేకు ముందు కూర్చుంటుంది.

జొన్న సంగతి అట్లా ఉండగానే లింబాద్రి అక్క పెళ్ళి వచ్చింది.

*

పెళ్ళికి ఉమ్మడి మొత్తం దిగింది. లింబాద్రి తాత బఫే వద్దంటే వద్దని పట్టుబట్టాడట. పొడుగ్గా బల్లలు వేసి విస్తరాకులు పరిచారు. పిల్లలంతా ఒకే బంతిలో కూర్చుని, వాళ్ళ నడుమ స్వరూపనూ కృత్తికనూ కూర్చోబెట్టుకున్నారు. బగారన్నం, మటన్, పచ్చిపులుసు, చివర్న భక్ష్యాలు. ఆకలి మీదున్న పిల్లలు, విస్తళ్ళు నిమిషాల మీద ఖాళీ అయ్యాయి.

కానీ ఎవరూ లేవలేదు.

ఎంగిలి చేతులు విస్తళ్ళ మీద పెట్టుకుని, తలలు తిప్పి, అందరూ బంతి చివరికి చూస్తున్నారు. అక్కడ పళ్ళులేని ఒక ముసలవ్వ భక్ష్యాన్ని తుంచి, పాలల్లో ముంచి, లోకంతో పనిలేనట్టు చప్పరిస్తోంది. వెనక ఇంకో బంతికి జనం నిలబడ్డారు. వడ్డనలు చూసే మనిషి మెడలో తువ్వాలతో ఊగిపోతున్నాడు.

"అయ్యా, లేవుండ్రి! అమ్మా, తినుడయింది గదా, ఇగ లేవరాదుండ్రి! వెనక మంది ఎట్ల నిలవడ్డరో చూస్తలేరా?"

"అవ్వ తింటున్నది గదా అన్నా," అన్నాడు మంథని కుర్రాడు, అదేదో రాజ్యాంగంలో రాసి ఉన్నట్టు.

"అవ్వ తెల్లారిందాక తింటది! మీరు లేవుండ్రి!"

స్వరూప పక్కన కూర్చున్న పిల్ల హైదరాబాద్‌లో పుట్టి పెరిగింది. సిగ్గుపడుతూ అంది, "మా ఇంట్ల ఎప్పుడూ బఫేనే మేడం. ఇట్ల కూసునుడే ఇది రెండోసారి. కానీ ఎందుకో లేవబుద్ధి అయితలేదు."

స్వరూపకు నవ్వాగలేదు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. ఆమె తండ్రి కొండయ్య పెళ్ళిళ్ళకు వంటలు చేసేవాడు. ఊరందరూ తిన్నాక, ఆఖరి బంతిలో ఆఖరి విస్తరి ఆయనది. పొయ్యి సెగకు ఎర్రబడిన కళ్ళతో వచ్చి కూర్చుని, చిన్న స్వరూపను పక్కన కూర్చోబెట్టుకుని, చాలా నెమ్మదిగా తినేవాడు. ఆయన తినడం పూర్తయ్యేదాకా బంతిలో ఎవరూ లేచేవారు కాదు. ఎంత పెద్ద ఆసామి అయినా సరే, ఎండిన చేత్తో వంటాయన కోసం కూర్చోవలసిందే. అందరూ తనకోసం ఆగారని తెలిసి కూడా కొండయ్య తొందరపడేవాడు కాదు. కూతురివైపు చూసి కన్నుగీటి, ఇంకొంచెం పచ్చిపులుసు పోయించుకునేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. స్వరూపకు తండ్రి అంటే ఆ కన్నుగీటడమే.

అవ్వ చివరి ముక్క మింగి త్రేన్చింది. బంతి మొత్తం ఒక్కసారిగా లేచింది. ఆ లేవడం చూసి స్వరూప ముఖంలో నవ్వు ఆగిపోయింది.

ఆమె లేవలేదు. కూర్చున్నచోటే కూర్చుని విస్తరి వంక చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, చెయ్యి కడుగవా?" అంది కృత్తిక.

"బిడ్డా, జొన్న ఎందుకాగుతుందో నాకెరుకైంది," అంది స్వరూప.

*

ఇంటికి వచ్చేదారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని కూతురికి చెప్పింది.

"నాలుగు కోర్లు అన్నప్పుడు నాకు మనసుల ఏం కనవడ్తదో తెలుసా? బంతిల కూసున్న నలుగురు. ఒక్కరి పని ఒడిసినా, అందరిది ఒడిసేదాక ఎవ్వరు లేవరు."

"నాకూ గట్లనే కనవడ్తది," అంది కృత్తిక.

"కనవడ్తది మరి. నా కండ్లు గదా నీకిచ్చింది. కానీ కోరుకు మర్యాద ఎక్కడిది? దాని చేతిల చిన్న పలక ఉంటది. రాసేది ముందుగాల అండ్ల రాసుకుంటది. తర్వాత తీరిక చూసుకొని అందరు చూసే పెద్ద పలకకు ఎక్కిస్తది. మొదలు రాసింది మొదలే ఎక్కాలని ఏం లేదు. అన్నం ఉడకకముందే 'వంట అయింది' అన్న మాట పెద్ద పలక మీదికి పోవచ్చు. పక్క కోరు అది చదివి గిన్నె మూత తీస్తది. లోపల బియ్యం!"

"అది మాకు తెలుసు గదమ్మా. అందుకే గదా 'ఆగు' అనే ఆజ్ఞ ఉన్నది. రాసినయన్నీ పెద్ద పలకకు ఎక్కేదాక ముందుకు పోకు అని. పరీక్షల గూడ రాసినం."

"తెలుసు. నాకూ తెలుసు. మరి జొన్నల 'ఆగు' ఎక్కడెక్కడ పెట్టినం?"

కృత్తిక చెయ్యి భుజం మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. బస్సు రెండు స్టేజీలు దాటేదాకా జొన్న వరసలన్నీ మనసులో తిరగేసింది. ఎక్కడా పెట్టలేదు. పెట్టాలని ఉమ్మడిలో ఒక్కరికీ తోచలేదు. వాళ్ళు జొన్నకు పెట్టిన పరీక్షలు కూడా ఒకరికోసం ఒకరు ఆగుతారన్న నమ్మకంతోనే రాసినవి కాబట్టి అన్నింటిలోనూ జొన్న పాసైంది. ఎవరిది వారు దిద్దుకుంటే తప్పులు తలా ఒక రకంగా ఉండేవి, ఒకరి తప్పు ఇంకొకరికి దొరికేది. అందరూ ఒకే చేతిని దిద్దారు మరి.

మర్నాడు స్వరూప కోర్లు పని చేతులు మార్చుకునే ఒకచోట 'ఆగు' పెట్టించింది. జొన్న ఆ రోజంతా నడిచింది. పిల్లలు తెరల్లో ఈలలు వేశారు. ఆ మర్నాడు టీ వేళకు మళ్ళీ ఆగిపోయింది.

ఇంకెక్కడో ఉంది. ఇంకా చాలాచోట్ల ఉంది. స్వరూప కూర్చుని వరస వరసా చదివింది. చదువుతుంటే ప్రతి వరసా సరిగ్గానే ఉన్నట్టు కనబడింది. తప్పేమిటో నోటితో చెప్పగలదు, పాఠం చెప్పగలదు, కానీ చూపు తప్పున్న చోటికి రాగానే మనసు తనంతట తానే కోర్లను బంతిలో కూర్చోబెట్టి, ఒకరికోసం ఒకర్ని ఆపేసి, అంతా సవ్యంగా ఉందని దాటించేస్తోంది. నాలుగోరోజుకు ఆమె కాగితాలు పక్కకు నెట్టి జుబేర్ గదికి వెళ్ళింది.

*

"పట్టు అనేది మాటలతో మారదు మేడం," అన్నాడు జుబేర్. అతనిది వరంగల్లు. నెమ్మదైన మనిషి, చెడ్డ సంగతి చెప్పేటప్పుడు ఇంకా నెమ్మదిస్తాడు. "సైకిల్ ఎట్ల తొక్కాల్నో పుస్తకం చదివితే మర్చిపోతమా? వేరు కాడికి పోవాలె. మీ పట్టుకు వేరు ఏడుందో నేను చూసిన. మీరు చిన్నగున్నప్పటి యాదిల ఉంది. పెద్దాయన, విస్తరి, పచ్చిపులుసు. దాని మీదనే మొత్తం కట్టుకున్నరు మీరు."

"ఆ వేరు వదులు చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు."

"చేస్తే?"

జుబేర్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ పట్టు పోతది. దాంతోని యాది కూడా పోతది. మీ నాయిన పేరు, ముఖం, ఆయన వంటలు చేసేదన్న సంగతి, అన్నీ తెలుస్తయి. ఆ బంతి ఉండదు. ఎవరన్న చెప్తే వింటరు, కానీ ఎవరిదో ముచ్చట విన్నట్టే ఉంటది. నేను చెయ్య మేడం. ఇంకో ప్రొఫెసర్‌ను తెద్దాం. ఆయనను ఒరవడిగ పెడదాం."

"ఆయన మర్యాదలు ఆయనకుంటయి జుబేర్ భాయ్. అవి ఏడ దాక్కున్నయో తెల్వాలంటే ఇంకో పెండ్లి కావాలె. నా తప్పు ఏడున్నదో కనీసం మనకెరుక."

"ఒరవడి బంద్ చేద్దాం మరి. పలచబడి అదే పోతది."

"పోతది. పిల్లలు మల్ల గైడ్ల పాలైతరు, ఉమ్మడి పోతది, జొన్న పోతది. ఆ పిల్లల కండ్లకు గంత కట్టింది నేను. నేనే విప్పుత."

జుబేర్ రెండురోజులు ఆలోచించుకోమన్నాడు. స్వరూప ఒప్పుకుంది, కానీ ఆలోచించడానికేమీ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు.

కృత్తిక మాత్రం భగ్గుమంది. స్వరూప వంటింట్లో పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతుండగా వచ్చి గడపలో నిలబడింది.

"ఒక చిప్పు కోసం తాతను పారేస్తవా?"

"చిప్పు కోసం కాదు."

"మరెందుకు? ఉమ్మడి కోసమా? ఇంకో కాలేజీల ఇంకో ల్యాబ్ పెట్టుకోవచ్చు. తాతను యాడికెల్లి తెస్తవ్?"

స్వరూప చెయ్యి కడుక్కోకుండానే కూతురివైపు తిరిగింది. "నీకు నడవడం వచ్చేటప్పుడు ఎట్ల నడిచినవో తెలుసా బిడ్డా? ఎడమకాలు జర ఈడ్చేటిదానివి. మా ఇంట్ల ఎవ్వరు అట్ల నడవలె. అది నీ నడక. ఇయ్యాల నువ్వు ల్యాబ్‌ల ఆలోచన చేస్తుంటే నా చెయ్యి లేస్తది నీ భుజం మీదికి. నాకు భయమైతది. నువ్వు నా తప్పు చేసినా సరే అనుకునేదాన్ని, నీ తప్పు నువ్వు చేసే రాత లేకుండ చేసిన. ఒక్క నీకే కాదు, అందరి పిల్లలకు."

కృత్తిక కళ్ళు నిండాయి. "మొన్న పెండ్లిల నేనూ లేవలె. తాత పక్కన నేనూ కూసున్న గదా చిన్నప్పుడు, ఒక్కటి రెండుసార్లు. అది నా యాదినా, నీదా? నాకే తెలుస్తలేదు."

స్వరూప చింతపండు చెయ్యి కడుక్కుంది. పొయ్యి కట్టేసి, ఇద్దరూ వంటింటి గచ్చు మీద కూర్చుని, పచ్చిపులుసు పోసుకుని అన్నం తిన్నారు. తింటూ స్వరూప తండ్రి సంగతులన్నీ చెప్పింది. పొయ్యి సెగ, ఎర్రకళ్ళు, ఎండిన చేతులతో కూర్చున్న ఆసాములు, కన్నుగీటడం. చెబుతున్నంతసేపూ ఆమెకు ఏడుపు రాలేదు. అదే చివరిసారి అన్న సంగతి తెలిసినా, తండ్రి పక్కన కూర్చున్నట్టు హాయిగానే ఉంది. కృత్తికే వినలేక మధ్యలో లేవబోయింది, మళ్ళీ కూర్చుంది.

*

శుక్రవారం పొద్దున జుబేర్ పట్టీ కట్టాడు. ఎక్కువసేపు పట్టలేదు. స్వరూప కళ్ళు తెరిచి, మంచినీళ్ళు అడిగి తాగి, "ఇంతేనా?" అంది.

"మీ నాయిన ఏం చేసేటోడు మేడం?"

"పెండ్లిళ్ళకు వంటలు చేసేటోడు. ఏం?"

"ఆయన పక్కన కూసొని తిన్న యాదున్నదా?"

స్వరూప కాసేపు వెతికింది. పోయిందేదో తెలియక వెతుకుతున్న మనిషి ముఖం ఎట్లా ఉంటుందో జుబేర్ ఆ రోజు చూశాడు. "లేదు. తిన్ననా?" అంది. అతను కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె ల్యాబ్‌లో బల్ల ముందు కూర్చుంది, టీచరు కుర్చీలో కాదు, విద్యార్థుల ముక్కాలిపీట మీద. తెరల్లో ఉమ్మడి మొత్తం ఉంది. పిల్లల్ని కూడా పట్టీలు కట్టుకొమ్మని ముందే చెప్పింది. ఈసారి దిద్దుకోవడానికి పూర్తయిన అక్షరం లేదు. రాయబోయి తడబడే చెయ్యి ఉంది. స్వరూపకు పుస్తకంలోని మాటలన్నీ గుర్తున్నాయి. కానీ నాలుగు కోర్ల బొమ్మ వంక చూస్తే నాలుగు గళ్ళు కనబడ్డాయి తప్ప ఇంకేమీ కనబడలేదు. ఇన్నేళ్ళు చెప్పిన పాఠం ముందు మొదటిరోజు పిల్లలా కూర్చోవడం ఆమెకు సిగ్గనిపించింది. ఆ సిగ్గు కూడా అందరికీ చేరింది. ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు.

"చెప్పు," అంది కృత్తికతో. "నువ్వే నా టీచరువి. మొదటి గడి ఏదో రాసింది. రెండో గడికి అది ఎట్ల తెలుస్తది?"

"పెద్ద పలక మీద చూస్తది."

"అది పలక మీదికి ఎక్కింది అని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పుడేంది, ముందుగాల రాసింది గదా..." కృత్తిక ఆగింది. చెయ్యి అలవాటు కొద్దీ లేచి, భుజం దగ్గరికి పోకుండా, గాలిలో నిలిచిపోయింది. పాత పట్టు వదులవుతోంది. బంతిలో కూర్చున్న నలుగురూ ఆ పిల్ల కళ్ళ ముందు మసకబారి, వాళ్ళ చోట నాలుగు గళ్ళు మిగిలాయి. ఎవరికోసం ఎవరూ ఆగని గళ్ళు. "ఎవరు చెప్పలే," అంది మెల్లగా. "అమ్మా, దానికి ఎవ్వరు చెప్పలే."

"మరి ఆగమని ఎవరన్న చెప్పాలె గదా?"

ల్యాబులన్నింటిలో పిల్లలు తమ తమ భాగాల మీదికి వంగారు. తర్వాత సిరిసిల్లలో లింబాద్రి కుర్చీ వెనక్కి పడేంతగా లేచాడు.

"మేడం! నా భాగంలనే ఉన్నది! నాలుగుసార్లు చూసిన, ఇగో, నా కండ్ల ముందే!"

"మా కాడ రెండు చోట్ల!" అంది మంథని.

ఆసిఫాబాద్ పిల్ల ఏడుస్తూ నవ్వుతూ, తప్పు తనదేనని చెయ్యెత్తింది. మరొకరు అక్కడ 'ఆగు' అక్కర్లేదని వాదానికి దిగారు. జగిత్యాల వాళ్ళిద్దరు తమలో తామే పోట్లాడుకున్నారు. ఉమ్మడి పుట్టినప్పటినుంచీ అంత గందరగోళం ఎన్నడూ లేదు. ఇన్నాళ్ళూ ఒక్క గొంతుతో మాట్లాడిన పిల్లలు తలోరకంగా అరుస్తున్నారు. స్వరూప ముక్కాలిపీట మీద కూర్చుని, సగం అర్థమై సగం కాక, అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేస్తూనే ఉంది. అందులో సగం ప్రశ్నలు తెలివితక్కువవి. తక్కిన సగం, తెలిసినవాళ్ళెవరూ వెయ్యలేనివి.

జొన్న నిలదొక్కుకోవడానికి ఇంకా వారాలు పట్టింది. స్వరూప తన పట్టును మళ్ళీ కట్టుకోవడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఈలోపు పిల్లలు ఒరవడి పద్ధతిని తామే మార్చేశారు. ఇప్పుడు పూర్తయిన పట్టును ఎవరూ దిద్దుకోరు. ప్రతి సోమవారం ఒక్కో కాలేజీలో ఒకరు, ఆ వారం తమకు ఏది అర్థం కాలేదో దానితో రాగిరేకు ముందు కూర్చుంటారు, తక్కినవాళ్ళు ఆ తికమకను పంచుకుంటారు. పైనున్న పెద్దలు వచ్చి చూసి, ఇదేం చదువయ్యా అని గొణిగి, జొన్న ఆగకుండా నడవడం చూసి గొణగడం మానేశారు. మగపిల్లలు కొంగులు సర్దుకోవడం కూడా మానేశారు.

*

జొన్న పోతకు వెళ్ళిన రోజున యూనివర్సిటీ ఆవరణలోనే అందరికీ భోజనాలు. లింబాద్రి తాత పంపిన విస్తరాకులు, లింబాద్రి మాట్లాడిన వంటాయన. అందరికీ వడ్డించాక, అలసిపోయిన వంటాయన కూడా గిన్నెలు పక్కనపెట్టి వచ్చి బంతి చివర్న కూర్చున్నాడు.

పిల్లలు తిన్నవాళ్ళు తిన్నట్టు లేచారు. ఒకడు భక్ష్యం నములుతూనే పరుగెత్తాడు. స్వరూప కూడా విస్తరి మడిచి లేచి, పంపు దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది.

బంతి మొత్తం ఖాళీ అయిపోయింది. ఆ చివర వంటాయన ఒక్కడూ తింటున్నాడు. ఈ చివర ఖాళీ విస్తరి ముందు, ఎండిన చేత్తో, కృత్తిక కూర్చుని ఉంది.

జుబేర్ చూశాడు. స్వరూప తలలోని అసలు పట్టు మారిందని, ఎరువు తీసుకున్న పట్లన్నీ ఎప్పుడో పోయాయని అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదని తనే పరీక్షచేసి చూశాడు.

స్వరూప కూతురి దగ్గరికి వచ్చింది. "తినుడయింది గదా బిడ్డా. ఎవరికోసం కూసున్నవ్?"

"వంటాయన తింటున్నడు," అంది కృత్తిక. తర్వాత తలెత్తి తల్లివైపు చూసింది. ముఖం వెలిగిపోతోంది. "ఇది నాదే అమ్మా. నీది కాదు. తాత నాకే ఇచ్చిండు."

స్వరూపకు ఆ మాట ఎక్కడా తగల్లేదు. తగలవలసినచోట ఏమీ లేదు. తనకేదో తెలిసి ఉండవలసిందని మాత్రం కూతురి కళ్ళు చూస్తే అర్థమైంది. అర్థం కానిదాని ముందు ఏం చెయ్యాలో ఈ మధ్యనే ఆమెకు బాగా అలవాటైంది.

కడిగిన చేత్తోనే మళ్ళీ వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"ఎంతసేపు కూసోవాలె?" అని అడిగింది.

"ఆయన తినేదాక," అంది కృత్తిక.

బంతి చివర వంటాయన తలెత్తి, తనకోసం కూర్చున్న ఇద్దరినీ చూసి, తొందరపడకుండా ఇంకొంచెం పచ్చిపులుసు పోసుకున్నాడు.